వాల్వు వేడెక్కాక ఏ నాబు తిప్పాలి?



మా చిన్నప్పుడు ఇంట్లో రేడియో పెట్టగానే పాట వచ్చేది కాదు. మీట నొక్కితే ముందు డయల్ వెనక పసుప్పచ్చ దీపం వెలిగేది. తరవాత అరనిమిషం నిశ్శబ్దం. అలా చూస్తూ కూర్చుంటే లోపలెక్కడో తేనెటీగ తిరుగుతున్నట్టు సన్నటి రొద మొదలయ్యేది. ఆ రొదలోంచి మెల్లగా మనిషి గొంతు పైకి తేలేది. నేను ఆత్రంగా నాబు తిప్పబోతే నాన్న నా చెయ్యి పట్టుకునేవారు. "ఉండరా, వాల్వులు వేడెక్కనీ" అనేవారు.

మాది పర్సుడీహ్. టాటానగర్ స్టేషన్‌కి బిష్టుపూర్, సాక్చీ ఒకవైపు, పట్టాలకి ఇవతలి వైపు మేము. మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం దగ్గరి పల్లెనుంచి వచ్చాడు. ఆ రైల్వే అటు వాల్తేరుదాకా ఉండేది కాబట్టి మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఖరగ్‌పూర్, టాటానగర్ పరాయి ఊళ్లలా అనిపించలేదు. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అనీ, కాలీమాటి స్టేషన్‌కి టాటానగర్ అనీ పేర్లు మారాయి. నాన్న లోకో షెడ్డులో చేశారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ, కరండీహ్ వైపు నాలుగడుగులు వేస్తే సంతాలీ. పండగ రాత్రుల్లో అటునుంచి తమాక్, తుమ్‌దాక్ డప్పుల మోత గాలిలో తేలి వచ్చేది. సంగీతానికి మాకు కొదవ లేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది గిటారు యాంప్లిఫయర్ గురించి. అందులోనూ వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్ ముందు ప్యానెల్ మీద వరసగా ఉండే నాబుల గురించి. ఈమధ్య మా వీధి కుర్రాళ్లు కొందరు డబ్బు కూడబెట్టి అలాంటి పెట్టె ఒకటి కొన్నారు. దాన్ని ఎలా వాడాలో చెప్పమని నా దగ్గరకు వచ్చారు. "అంకుల్, బేస్ ఎంతమీద పెట్టాలి, ట్రెబుల్ ఎంతమీద పెట్టాలి, అంకెలు చెప్పండి చాలు" అన్నారు. అంకెలు చెప్పి పంపడం నాకు చేతకాలేదు. ఎందుకు చేతకాలేదో చెప్పడానికే ఈ ప్రసంగం.

నాకు ఈ విద్య నేర్పినాయన పర్సుడీహ్ బజారులో రేడియోలు బాగుచేసే ఒక బాబాయి. ఆయన పాత మైకు సెట్టు ఒకటి విప్పి, దాని గుండె మార్చి, నా గిటారుకి యాంప్లిఫయర్ చేసిపెట్టాడు. ఆ రోజుల్లో బెంగాలీల ఇళ్లలో ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయన్ గిటారు బాగా ఉండేది. వాళ్లకీ ఇలాంటి పెట్టెలే చేసిచ్చేవాడు. వాల్వులకి లోటు ఉండేది కాదు. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. ఆ పేరున్న వాల్వుల కోసం ఇవాళ దేశదేశాల సంగీతప్రియులు వెతుక్కుంటున్నారు.

అసలు వాల్వు అంటే ఏమిటి? అమెరికావాళ్లు ట్యూబ్ అంటారు, మనకి అలవాటైంది వాల్వు. ఆ మాటకి అర్థం తూము అని చెప్పుకోవచ్చు. కాలువకి తూము ఉంటుంది కదా, చిన్న పలకని కాస్త ఎత్తితే పెద్ద నీటి ప్రవాహం కదులుతుంది. గాజుబుడ్డిలో ఒక కొసన వేడెక్కిన లోహం, రెండో కొసన కొన్ని వందల వోల్టుల మీద ఉన్న పలక, మధ్యలో సన్నని తీగెల జల్లెడ. వేడికి లోహంనుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి పలకవైపు పరుగెడతాయి. గిటారు తీగె కదిలితే పుట్టే విద్యుత్తు ఒక వోల్టులో చిన్న ముక్క. దాన్ని ఆ జల్లెడకి అందిస్తే, పెద్ద ప్రవాహమంతా దాని చెప్పుచేతల్లో నడుస్తుంది. గిటారు యాంపుల్లో ముందు వరసలో ఉండే చిన్న వాల్వు ఎక్కువగా ఈసీసీ83. దాన్నే 12ఏఎక్స్7 అనీ అంటారు. స్పీకరుని తోసే పెద్ద వాల్వులు వేరు. ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6 అలాంటివి. ముందు ప్యానెల్ మీది నాబులన్నీ ఈ తూముల మధ్య దారిలో ఉంటాయి. ఏ నాబు ఏ తూముకి ముందుందో, ఏ తూముకి వెనకుందో తెలిస్తే సగం చదువు అయిపోయినట్టే.

మొదట తీగె గుచ్చే చోటు. పాత పద్ధతి పెట్టెల్లో ఒక్కో చానెల్‌కి రెండు రంధ్రాలుంటాయి, ఒకటి, రెండు అని. ఇద్దరు గిటారిస్టులకి చెరొకటి అనుకుని చాలామంది ఊరుకుంటారు. ఫెండర్ పెట్టెల్లో ఒక్కటే గిటారు పెట్టినప్పుడు రెండో రంధ్రంలో గుచ్చితే గిటారు సంకేతం సగానికి తగ్గి లోపలికి వెళుతుంది. గట్టి పికప్పులు, అంటే తీగె కదలికని విద్యుత్తుగా మార్చే ముక్కలు, ఉన్న గిటారు ఒకటో రంధ్రంలో పెడితే గరగరలాడుతూ ఉంటే, ఏ నాబూ ముట్టుకోకుండా రెండో దాంట్లోకి మార్చి చూడండి. ఈ చిన్న పని చేయకుండానే పెట్టె మంచిది కాదని అమ్మేసినవాళ్లని చూశాను.

ఇక వాల్యూమ్. నేను ఎక్కువసేపు మాట్లాడాల్సింది దీని గురించే. రేడియోకి వాల్యూమ్ అంటే శబ్దం ఎక్కువ తక్కువలు, అంతే. గిటారు యాంపులో అది స్వరం రంగునే మారుస్తుంది. రెండుమీద ఉన్నప్పుడు తీగె మీటితే గంట కొట్టినట్టు స్వచ్ఛంగా ఉంటుంది. నాలుగు, అయిదు దాటాక అదే తీగెకి అంచులు నలిగి, కొంచెం బొంగురు వచ్చి, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఎనిమిదికి పోతే గర్జనే. కానీ చెవి పెట్టి వినండి, అయిదునుంచి ఎనిమిదికి వెళ్లినప్పుడు మోత పెద్దగా పెరగదు. పెరిగేది బొంగురు. ఎందుకంటే తూము ఎత్తడానికి ఒక హద్దుంది. పూర్తిగా ఎత్తేశాక ఇంకా ఎత్తమంటే నీళ్లు ఎక్కువ రావు, అల పైభాగం చదునుగా తెగిపోతుంది. ఆ తెగిన అలలోనే కొత్త అనుస్వరాలు పుడతాయి. వాల్వు తెగ్గొట్టే తీరు ఒక్కసారిగా కాకుండా కాస్త మెల్లగా, వాయించే చేతి బరువుని బట్టి ఉంటుంది. ప్రపంచం ఇన్నేళ్లుగా ఈ గాజుబుడ్ల వెంట పడుతున్నది దీనికోసమే.

పైగా వాల్యూమ్ నాబు మీది అంకెలు సమానమైన మెట్లు కావు. చాలా పెట్టెల్లో మొదటి మూడు అంకెల్లోనే మోతలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. అన్నిటికీ పది ఆఖరంకె అనుకోకండి. 1950లనాటి ఫెండర్ పెట్టెల మీద పన్నెండుదాకా ఉంటుంది. ఆ పన్నెండు మరొకరి పదికన్నా గొప్పేమీ కాదు. వాట్ల సంగతి కూడా ఇంతే. పది వాట్ల పెట్టెకన్నా వంద వాట్ల పెట్టె మన చెవికి పదింతలు గట్టిగా వినపడదు, దాదాపు రెండింతలు అనిపిస్తుంది, అంతే. కుర్రాళ్లు నన్ను అంకెలు అడిగినప్పుడు చెప్పలేకపోయింది ఇందుకే. గిటారు మారితే, స్పీకరు మారితే, గది మారితే, చివరికి కరెంటు మారితే నా మూడు మీకు అయిదు అవుతుంది.

అందుకని మా బాబాయి నేర్పిన క్రమం చెబుతాను. పెట్టె వేడెక్కాక మిగతా నాబులన్నీ సగంలో పెట్టండి. వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఒక చేత్తో తీగెలు మీటుతూ రెండో చేత్తో మెల్లగా పెంచండి. స్వచ్ఛంగా ఉన్న స్వరం మొదటిసారి అంచున నలిగేచోట ఆగండి. ఆ చోటుని చెవితో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు గిటారు మీది వాల్యూమ్ నాబుని కాస్త తగ్గించండి. స్వరం మళ్లీ తేటపడుతుంది. పెంచితే మళ్లీ బొంగురు వస్తుంది. మెల్లగా మీటితే ఒకలా, గట్టిగా మీటితే ఇంకొకలా పలుకుతుంది. యాంపు ముందు ప్యానెల్‌లో అన్నిటికన్నా మంచి నాబు గిటారు మీదే ఉంది. పాట మధ్యలో పరుగెత్తి వెళ్లి పెట్టె ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

తరవాత ట్రెబుల్, మిడిల్, బేస్. కొన్ని పెట్టెల్లో మిడిల్ ఉండదు. ఈ మూడింటి గురించి ఒక అపోహ మొదట తీసెయ్యాలి. బేస్ పెంచితే బేస్ ఎక్కువ పుడుతుందనుకుంటాం. ఫెండర్, మార్షల్ తరహా పెట్టెల్లో ఈ మూడు నాబులూ కొత్తగా ఏదీ పుట్టించలేవు. వాటి వెనక ఉన్నవి కెపాసిటర్లు, రెసిస్టెన్సులు మాత్రమే. అవి ఆపగలవు, వదలగలవు. పది అంటే ఆ భాగాన్ని వీలైనంత వదిలెయ్యమని, సున్నా అంటే వీలైనంత ఆపెయ్యమని. మూడింటినీ సున్నాకి తెస్తే కొన్ని పెట్టెల్లో అసలు శబ్దమే రాదు. పెట్టె పాడైందని భయపడి మెకానిక్ దగ్గరకు మోసుకొచ్చినవాళ్లని మా బాబాయి కొట్టులో నేనే చూశాను.

ఇంకో సంగతి. మూడూ అయిదుమీద పెడితే ఉన్న స్వరం ఉన్నట్టు వస్తుందనుకుంటాం. అలా రాదు. ఆ స్థితిలో మధ్య స్థాయి బాగా లోపలికి కుంగి ఉంటుంది. దాదాపు సమంగా రావాలంటే మిడిల్ మొత్తం పెంచి, ట్రెబుల్, బేస్ దాదాపు కిందకి దించాలి. వినడానికి వింతగా ఉన్నా లోపలి అల్లిక అలాంటిది. మూడు నాబులూ ఒకే కూటమిలో ఉన్నాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకరు గొంతు పెంచితే మిగతావాళ్ల మాట వినపడదు చూడండి, అలాగే ట్రెబుల్ బాగా పెంచితే మిడిల్, బేస్ తిప్పినా పెద్ద తేడా తెలియదు. అందుకే నేను ముందు ట్రెబుల్ కుదుర్చుకుంటాను. తరవాత బేస్, ఆఖరున మిడిల్. మిడిల్ తిప్పాక మళ్లీ ఒకసారి ట్రెబుల్ దగ్గరికి వస్తాను. ఒక్క చుట్టుతో పని అవదు.

మిడిల్ ఎందుకు ముఖ్యమో నాకు ఒక శ్రీరామనవమి పందిట్లో అర్థమైంది. ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని నాబులు దిద్దుకున్నాను. మిడిల్ తగ్గించి, బేస్, ట్రెబుల్ పెంచితే ఆ గదిలో స్వరం ఎంత నిండుగా, ఎంత మెరుపుగా ఉందో చెప్పలేను. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని పందిట్లో అలాగే పెట్టాను. ఢోలక్, హార్మోనియం, తాళాలు, పాడేవాళ్లు మొదలయ్యేసరికి నా గిటారు ఎటు పోయిందో తెలియలేదు. వాల్యూమ్ పెంచాను. గోల పెరిగింది గానీ స్వరం వినపడలేదు. మా బాబాయి జనంలోంచి లేచొచ్చి, ఏమీ మాట్లాడకుండా మిడిల్ ఏడుకి తిప్పి, బేస్ మూడుకి దించి, వాల్యూమ్ కూడా కాస్త తగ్గించి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో నా గిటారు పందిరి చివరిదాకా వినపడింది.

కారణం ఇది. గిటారు మందర తీగె విడిగా మీటితే 82 హెర్ట్‌జ్. పైతీగె మీద పన్నెండో మెట్టు నొక్కితే 659. మనం వాయించే స్వరాల్లో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్యే ఉంటాయి. కిందిభాగం ఢోలక్‌ది, బేస్ గిటారుది. పైభాగం తాళాలది. గిటారుకి మిగిలిన సొంతిల్లు మధ్య స్థాయి. మిడిల్ నాబు పనిచేసేది ఆ ఇంట్లోనే. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఇంటిని ఖాళీచేసి పక్కవాళ్ల గదుల్లో తిరిగితే బాగానే ఉంటుంది. వాళ్లు రాగానే నిలబడటానికి చోటుండదు. కాబట్టి యాంపు కుదుర్చుకోవడం ఎప్పుడూ నలుగురితో కలిసి వాయిస్తున్నప్పుడే చెయ్యండి.

ఈ నాబుల వరసకి ఒక చరిత్ర ఉంది, క్లుప్తంగా చెబుతాను. 1952లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ బేస్ గిటారు కోసం బేస్‌మన్ అనే యాంపు చేసింది. బేస్ వాళ్లకన్నా మామూలు గిటారు వాళ్లే దాన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో దాని లోపలి అల్లికనే ఆధారంగా తీసుకుని, తన దగ్గరివాళ్లతో జేటీఎం45 అనే పెట్టె చేయించాడు. అందుకే ఇవాళ చాలా కంపెనీల పెట్టెల మీద ట్రెబుల్, మిడిల్, బేస్, ప్రెజెన్స్ అనే ఆ పేర్లే కనిపిస్తాయి. వాల్వులు లేకుండా చిప్పులతో నడిచే చవక పెట్టెల మీద కూడా అవే పేర్లు. మీ దగ్గర అలాంటిదే ఉన్నా ఈ మాటలు చాలామటుకు పనికొస్తాయి.

ప్రెజెన్స్ అనేది ట్రెబుల్‌కి తమ్ముడిలా వినిపించినా దాని కాపురం వేరే చోట. ట్రెబుల్ ముందు వరస చిన్న వాల్వుల దగ్గర పనిచేస్తే, ఇది వెనక పెద్ద వాల్వుల దగ్గర, స్పీకరు వైపునుంచి వెనక్కి తిరిగొచ్చే సంకేతం మీద పనిచేస్తుంది. స్వరం మొదలయ్యే అంచుకి పదును పెడుతుంది. ట్రెబుల్ కుదిరాకే దీన్ని ముట్టుకోండి. వాక్స్ ఏసీ30 లాంటి పెట్టెల్లో దీని బదులు కట్ అని ఉంటుంది. అది కుడికి తిప్పితే పదును తగ్గుతుంది, పెరగదు. తెలియక కుడికి తిప్పి, స్వరం మూగబోయిందని బాధపడేవాళ్లున్నారు. బ్రైట్ అనే చిన్న మీట వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడే తెలుస్తుంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ దాని ప్రభావం కరిగిపోతుంది. రివర్బ్ అంటే పెట్టె అడుగున స్ప్రింగులు, వాటిగుండా స్వరాన్ని పంపి గుడి మండపంలో పలికినట్టు చేస్తారు. మూడు దాటించకండి, అంతే.

ట్రెమెలో దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగాలి. ఫెండర్ పెట్టెల మీద స్పీడు, ఇంటెన్సిటీ అని రెండు నాబులుంటాయి. ఆ చానెల్ పేరు వైబ్రాటో అని రాసి ఉంటుంది. అది పొరపాటు పేరు. అక్కడ కదిలేది స్వరస్థానం కాదు, మోత. దీపం వత్తి ఎగసి తగ్గినట్టు శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, స్వరం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని ట్రెమెలో అనాలి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారు మీద స్వరాన్ని కదిలించే కడ్డీకేమో అదే కంపెనీ ట్రెమెలో అని పేరు పెట్టింది. రెండు పేర్లూ తారుమారయ్యాయి. మన సంగీతం విన్న చెవికి ఈ తికమక ఉండనవసరం లేదు. గమకం అంటే స్వరస్థానం ఊగడమని మనకి తెలుసు. కంపితం అనే గమకంలో వేలు తీగెని కదిలిస్తుంది. ఆ ఊపు నాబుతో రాదు, వేలితోనే రావాలి.

మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు దీనికి పెద్ద సాక్ష్యం. మాండొలిన్ మామూలుగా మీటగానే స్వరం టక్కున ఆరిపోయే వాయిద్యం. ఆయన జంట తీగెల మాండొలిన్ వదిలి, అయిదు ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. విద్యుత్తు స్వరాన్ని నిలబెట్టింది, నిలబడిన స్వరంమీద ఆయన వేలు గమకం పలికించింది. 1978లో గుడివాడలో తొమ్మిదేళ్ల వయసులో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసిన ఆ పిల్లవాడు తరవాత దేశదేశాల వేదికల మీద త్యాగరాజ కీర్తనలు వినిపించాడు. ఎలక్ట్రిక్ వాయిద్యం మన సంగీతానికి పనికిరాదన్న మాట ఆయన తరవాత ఎవరూ అనలేరు. పెట్టె చెయ్యాల్సిన పని స్వరాన్ని నిలబెట్టడం. మిగతాది మనిషి చెయ్యాలి.

మాస్టర్ వాల్యూమ్ గురించి చెప్పే ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ ప్రతి వీధిలోనూ షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లుంటారు. రాత్రంతా కొలిమి దగ్గరో, రైలు ఇంజను దగ్గరో నిలబడి, సి షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చి పడుకుంటారు. మా నాన్న అలా పడుకున్నప్పుడు అమ్మ గిన్నె కూడా చప్పుడు కానిచ్చేది కాదు. అయిదు వాట్ల వాల్వు పెట్టె చిన్నదనుకుంటాం. మంచి స్పీకరుతో పూర్తిగా పెంచితే దాని ముందు నిలబడినవాడి చెవికి నూరు డెసిబెల్స్ పైచిలుకే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 45.

మాస్టర్ ఉన్న పెట్టెలో రెండు నాబులుంటాయి. మొదటిది గెయిన్, చిన్న వాల్వుల దగ్గర. రెండోది మాస్టర్, పెద్ద వాల్వులకి ముందు. గెయిన్ ఎక్కువ పెట్టి మాస్టర్ తక్కువ పెడితే బొంగురు వస్తుంది, మోత రాదు. పెద్ద వాల్వులు, స్పీకరు కలిసి ఇచ్చే నిండుదనం మాత్రం ఇందులో కొంత తగ్గుతుంది. నాకు అదేమీ పెద్ద నష్టం అనిపించదు. ఇంట్లో గెయిన్‌తో సాధన చెయ్యండి, పందిట్లో మాస్టర్ తెరవండి. మాస్టర్ లేని పాత పెట్టె అయితే పగలు వాయించేముందు పక్కింటి తలుపు తట్టి అడగండి. మా వీధిలో అడిగితే కాదన్నవాళ్లు లేరు, అడక్కుండా వాయిస్తే ఊరుకున్నవాళ్లూ లేరు.

ఇప్పుడు ఏ పుస్తకంలోనూ కనపడని ఒక విషయం. మా పేటలో ఎండాకాలం సాయంత్రం ఏడు దాటితే వోల్టేజి పడిపోతుంది. ఇళ్లన్నిట్లో కూలర్లు, మోటార్లు ఒక్కసారే తిరుగుతాయి. మధ్యాహ్నం మెరుపులా పలికిన పెట్టె రాత్రికి నీరసంగా, మసకగా పలుకుతుంది. నేను ఎన్నో రాత్రులు ట్రెబుల్ పెంచి, ప్రెజెన్స్ పెంచి, పొద్దున్నే చెవులు చిల్లులు పడేలా ఉంటే మళ్లీ తగ్గించుకున్నాను. చివరికి మీటరు పెట్టి చూస్తే తెలిసింది. 230 ఉండాల్సిన చోట 180 వస్తోంది. వాల్వుకి వేడినిచ్చే తీగెకి 6.3 వోల్టులు కావాలి. గోడలో 180 ఉంటే దానికి అందేది అయిదుకన్నా తక్కువ. వాల్వు సరిగా వేడే ఎక్కలేదు, నేను నాబులని తిడుతూ కూర్చున్నాను. ఇలాంటి చోట ఉండేవాళ్లు ముందు మంచి స్టెబిలైజరు కొనుక్కోండి. అమెరికాలోని బంధువులు తెచ్చిన పెట్టె అయితే అది 120 వోల్టులది కావచ్చు. వెనక రాసి ఉన్నది చదవకుండా మన గోడకి గుచ్చితే ఆ పెట్టె అక్కడికక్కడే పోతుంది.

మీటలు వేసే క్రమం కూడా చెప్పేస్తాను. స్టాండ్‌బై అనే రెండో మీట ఉంటే, ముందు పవర్ మీట వేసి అరనిమిషం ఆగి, తరవాత స్టాండ్‌బై వెయ్యండి. స్పీకరు తీగె పెట్టకుండా ఎప్పుడూ పెట్టె నడపకండి. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, దాని ఖరీదు చాలా ఎక్కువ. వెనక మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కొన్ని వందల వోల్టులు నిలవ ఉంటాయి. మా బాబాయి నలభయ్యేళ్లు ఆ పని చేసినవాడు, మూత తీసిన ప్రతిసారీ ఒక చెయ్యి జేబులో పెట్టుకునేవాడు. అంత అనుభవం ఉన్న మనిషి అంత భయపడ్డాడంటే అందులో అర్థముంది.

పర్సుడీహ్ పాత ఇళ్లలో రెండు రంధ్రాల సాకెట్లు ఇంకా ఉన్నాయి. మూడో పిన్ను విరిచేసి ప్లగ్గు గుచ్చేవాళ్లున్నారు. ఎర్తు లేని పెట్టెకి గిటారు తగిలించి తీగెలు పట్టుకుంటే, లోపల ఏ తీగె తెగి పెట్టె రేకుకి తగిలినా ఆ కరెంటు నేరుగా మీ చేతిలోకి వస్తుంది. గిటారు చేతిలో ఉండగా మైకుకి పెదవి ఆనితే చురుక్కుమనడం చాలామందికి అనుభవమే. దాన్ని నవ్వుతూ దులిపేసుకోకండి. 1972 మే 3న వేల్స్ దేశంలోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీద ఎర్తు లేని మైకు ముట్టుకుని అక్కడే ప్రాణం వదిలాడు. మంచి కళాకారుడు, ముప్పయ్యేళ్లయినా నిండలేదు.

ట్రెబుల్ ఎంత, మిడిల్ ఎంత అని రేపు మళ్లీ నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి నేనొక్కటే చెబుతాను, ఇవాళ వింటున్న మీ అందరికీ అదే మనవి. నాబు ముట్టుకునే ముందు మీ గోడలోని ఆ మూడో రంధ్రం వెనక ఎర్తు తీగె ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి. అది ఉందని ఆయన చెప్పాకే గిటారు తీగె గుచ్చండి.